విశాఖ బీచ్ రోడ్డులో ఆఫీసు వాళ్ళతో చేపల భోజనం: ఎలా ఏర్పాటు చేయాలి

టీమ్ లంచ్ బాధ్యత మీ మీద పడింది. పది మంది, సముద్రం పక్కన సీఫుడ్, రెండు గంటల్లో మళ్ళీ సీట్లో ఉండాలి. ఇలాంటప్పుడు అందరూ మొదట అడిగేది "ఏ హోటల్ మంచిది?" అని. నిజానికి అది రెండో ప్రశ్న. ఒకే హోటల్లో ఒక బృందం లొట్టలేసుకుంటూ తినేసి టైముకి వెళ్ళిపోతుంది. పక్క టేబుల్ వాళ్ళు నలభై నిమిషాలు అప్పడాలు నములుతూ కూర్చుని, చివర్లో బిల్లు చూసి సర్వర్‌తో గొడవ పెట్టుకుంటారు. తేడా అంతా ముందు రోజు చేసే ఒక్క ఫోన్ కాల్‌లో ఉంటుంది.

ఇక్కడ లెక్కలన్నీ పది మందికి ఇస్తున్నాం: చేపలు, రొయ్యలు అన్నీ తినేవాళ్ళు ఏడుగురు, రొయ్యలు పడనివారు ఒకరు, శాకాహారులు ఇద్దరు. మీ బృందాన్ని బట్టి పెంచుకోండి, తగ్గించుకోండి. కాకినాడ అయినా భీమిలి అయినా పద్ధతి ఇదే.

ముందుగా చేతిలో ఉండాల్సినవి

- ఎవరు ఏం తింటారు, ఏం పడదు అన్న జాబితా. వాట్సాప్ గ్రూపులో "అందరూ నాన్‌వెజ్జేనా?" అని అడిగితే సగం మంది బొటనవేలు పెట్టి ఊరుకుంటారు. విడివిడిగా అడగండి.
- తలకి ఎంత వరకు ఖర్చు పెట్టొచ్చో ఒక అంకె. కంపెనీ ఇస్తుందా, పంచుకుంటారా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి.
- హోటల్ ఫోన్ నంబరు. కౌంటర్‌ది కాదు, వంటగదితో మాట్లాడి జవాబు చెప్పగల మేనేజర్‌ది.
- తడి టిష్యూల ప్యాకెట్ ఒకటి. ఇది చిన్న విషయం అనిపిస్తుంది, పీతలు వచ్చేవరకే.

1. రోజు ఎంచుకోండి

మన ఆఫీసుల్లో ఇది అనుకున్నంత తేలిక కాదు. సోమవారం శివుడికి, మంగళవారం ఆంజనేయస్వామికి, గురువారం సాయిబాబాకి, శనివారం వెంకన్నకి. పది మందిలో ఈ రోజుల్లో నీచు ముట్టనివాళ్ళు కనీసం ఇద్దరు తేలతారు. మిగిలేవి బుధ, శుక్రవారాలు. శుక్రవారం మధ్యాహ్నం ముస్లిం సహోద్యోగులకు జుమ్మా నమాజు ఉంటుంది. వాళ్ళు రెండు దాటాకే రాగలరు. పైగా ఆ రోజు హోటళ్ళు కూడా కిటకిటలాడతాయి. కాబట్టి బుధవారం పెట్టండి.

కార్తీక మాసంలో ఈ ఆలోచనే మానుకోండి. రంజాన్ నెల, శ్రావణ శుక్రవారాలు కూడా చూసుకోండి.

ఇంకొకటి, చాలామంది మరిచిపోయేది: తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేటపై నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన నియమం ఇది. ఆ రోజుల్లో హోటల్లో చేప ఉండదని కాదు. తెప్పల మీద, చిన్న నాటు పడవల మీద వెళ్ళేవాళ్ళు తెచ్చే కాస్త సరుకు, చెరువుల్లో పెంచిన పండుగప్ప, వనామీ రొయ్యలు, మిగతాదంతా ఫ్రీజర్‌లోది. మే నెలలో "ఈ రోజే హార్బర్ నుంచి తెచ్చిన పెద్ద వంజరం" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. ఆ రెండు నెలల్లో భోజనం పెట్టుకోక తప్పకపోతే పెంపకపు పండుగప్ప, వనామీ అడిగి తీసుకోండి, అవి తాజాగానే దొరుకుతాయి. నిషేధం ఎత్తేసిన మర్నాడే పరుగెత్తొద్దు. బోట్లు వెళ్ళి, వేటాడి, తిరిగి రావాలి కదా. జూన్ చివరి వారం మేలు.

తుపాను హెచ్చరిక ఉన్న వారం కూడా ఇంతే. బోట్లు కదలవు, సరుకు రాదు, ధర మాత్రం లేస్తుంది.

2. చోటు, టేబుల్

రుషికొండ ఐటీ కొండల మీద పనిచేసేవాళ్ళు రుషికొండ, సాగర్‌నగర్ వైపు చూసుకోండి. సిరిపురం, ద్వారకానగర్ వాళ్ళకి ఆర్కే బీచ్ వైపు దగ్గర. నగరం మధ్య నుంచి భీమిలి దాకా వెళ్తే దారి బాగుంటుంది, రానుపోను ప్రయాణమే మీ లంచ్ టైమంతా తినేస్తుంది. గాజువాక, దువ్వాడ నుంచి బీచ్ రోడ్డుకి రావాలంటే సగం రోజు సెలవు అడగడమే మర్యాద.

ఆరుబయట టేబుల్ బాగుంటుందా అని అడుగుతారు. విశాఖలో సముద్రం తూర్పున ఉంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే ఎండ పడమటికి తిరుగుతుంది, భవనం నీడ సముద్రం వైపు వరండా మీదకి జరగడం మొదలవుతుంది. గోడకు ఆనుకున్న టేబుళ్ళకి ముందుగా నీడ వస్తుంది, రెయిలింగ్ దగ్గరివాటికి చివర్న. అందరూ రెయిలింగ్ పక్కనే కావాలంటారు. పన్నెండున్నరకి అక్కడ కూర్చుంటే మొహాలు మాడిపోతాయి. గొడుగు లేదా పందిరి ఉంటేనే ఒప్పుకోండి. మధ్యాహ్నం సముద్రపు గాలి కూడా బలంగా వీస్తుంది: టిష్యూలు, బిల్లు కాగితాలు ఎగిరిపోతాయి, వేపుడు ఐదు నిమిషాల్లో చల్లారిపోతుంది. ఆరుబయట కూర్చుంటే ప్లేట్లన్నీ ఒకేసారి కాకుండా రెండు విడతలుగా తెమ్మనండి.

మార్చి నుంచి జూన్ వరకు, అలాగే అక్టోబరు, నవంబరు వానల్లో లోపలి టేబుల్ తీసుకోండి.

3. ముందు రోజు ఫోన్ కాల్

సాయంత్రం నాలుగు నుంచి ఆరు మధ్య చేయండి. మధ్యాహ్నం హడావిడి తగ్గి, రాత్రి హడావిడి మొదలవ్వని సమయం అది. పైగా హోటళ్ళు తెల్లవారుజామున హార్బర్‌లో సరుకు కొంటాయి. మీకు ఫలానా సైజు చేప కావాలంటే ఆ కొనేవాడికి రాత్రికల్లా తెలియాలి. ఉదయం పదకొండింటికి ఫోన్ చేసి "రెండు పెద్ద పండుగప్పలు" అంటే, ఉన్నవాటిలోంచి తీస్తారు.

అడగాల్సినవి ఇవి, ఈ వరసలోనే:

- రేపు ఏ చేప వస్తుంది? (మెనూ చూసి అడగొద్దు. మెనూలో అన్నీ ఉంటాయి.)
- ధర 100 గ్రాములకా, ప్లేటుకా? వండినందుకు వేరే డబ్బులున్నాయా?
- తూకం శుభ్రం చేయకముందా, చేశాకా? దాదాపు అన్నిచోట్లా ముందే. అది తప్పు కాదు, మీకు తెలిసి ఉండాలి అంతే.
- శాకాహారం వేరే పెనం మీద, వేరే నూనెలో చేస్తారా?
- మేం ఒంటిగంటకి కూర్చుంటే స్టార్టర్లు ఎన్ని నిమిషాల్లో వస్తాయి?

చివరి ప్రశ్నకి "వెంటనే సార్" అన్న జవాబు వస్తే నమ్మకండి. కిలో పైన ఉన్న చేపని శుభ్రం చేసి, మసాలా పట్టించి, నిప్పుల మీద కాల్చడానికి నలభై నిమిషాలు పడుతుంది. అందుకే పెద్ద చేప, పీతలు ఫోన్‌లోనే ఆర్డర్ ఇచ్చేయండి. వేపుళ్ళు, అన్నం వెళ్ళాక చెప్పినా నడుస్తుంది.

4. ఏ చేప, ఎంత

చేపలు అలవాటు లేనివాళ్ళు బృందంలో ఉంటే ముల్లు దగ్గరే భోజనం ఆగిపోతుంది. దాన్నిబట్టి ఎంచుకోండి.

వంజరం (హార్బర్‌లో కోనాం అంటారు): అడ్డంగా కోసిన ముక్క, మధ్యలో ఒకటే ఎముక. కొత్తవాళ్ళకి ఇదే సురక్షితం. ముక్క వేలి మందం ఉండాలి. పల్చగా కోస్తే పెనం మీద చెక్కలా ఎండిపోతుంది.

చందువ: 300–400 గ్రాములది మొత్తంగా వేయిస్తే ఒకరిద్దరికి. ముళ్ళు తక్కువ, ధర ఎక్కువ.

పండుగప్ప: కిలో పైన ఉన్నది మొత్తంగా కాల్చడానికి. నలుగురు చుట్టూ చేరి తినడానికి దీన్ని మించింది లేదు.

కానాగంతలు: చవక, రుచి, కానీ నిన్నటివైతే వద్దు. ఎందుకో ఆరో మెట్టులో చెబుతాం.

నెత్తళ్ళు: కరకరలాడేలా వేయించినవి, ముల్లుతో సహా తినేయొచ్చు. కబుర్లు చెప్పుకుంటూ తినడానికి అపోలో ఫిష్ కన్నా వంద రెట్లు నయం. అపోలో ఫిష్ ఎక్కువచోట్ల చెరువు పంగాసియస్‌తో చేస్తారు. సముద్రం పక్కన కూర్చుని చెరువు చేప తినడం మీ ఇష్టం.

పులస గురించి ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అది వరద కాలంలో గోదావరికి ఎదురెక్కే చేప, యానాం, రాజమండ్రి వైపు సంగతి. బీచ్ రోడ్డు మెనూలో చూసి ఉత్సాహపడొద్దు.

పరిమాణాలు: మొత్తం చేప శుభ్రం చేసి, తల, ఎముక తీసేస్తే తినే కండ సుమారు సగమే మిగులుతుంది. తల, పెంకు తీస్తే రొయ్యలదీ ఇంచుమించు అదే లెక్క. పీతలో అయితే పావు, మహా అయితే మూడో వంతు. పది మందికి ఇది సరిపోతుంది:

- నెత్తళ్ళ వేపుడు 2 ప్లేట్లు, రొయ్యల వేపుడు 1, శాకాహార స్టార్టర్లు 2
- కిలో, కిలోంబావు పండుగప్పలు 2 (ఒకటి కాల్చింది, ఒకటి పెనం మీద మసాలాతో)
- వంజరం పులుసు 2 గిన్నెలు, రొయ్యల ఇగురు 1
- తెల్లన్నం 5, బిర్యానీ 2, ఒక వెజ్ కూర, ఒక పప్పు, పెరుగు

తెల్లన్నం తగ్గించొద్దు. పది బిర్యానీలు చెప్పేసి పులుసు దేంట్లో కలుపుకోవాలో తెలియక చూడటం ఆఫీసు లంచ్‌లలో మామూలుగా జరిగే తప్పు.

పీతలు కావాలా? అరచేతులు మసాలాలో ముంచుకుని తినడానికి సిగ్గుపడని బృందమైతేనే. తినడానికి అరగంట అదనంగా పడుతుంది. తెల్ల చొక్కాల వాళ్ళకి, మూడింటికి క్లయింట్ మీటింగ్ ఉన్నవాళ్ళకి వద్దు.

5. వెళ్ళగానే: కూర్చోకముందు తూకం

ఈ మెట్టు వదిలేస్తే మిగతావన్నీ వృథా. బిల్లు గొడవల్లో ఎక్కువ ఇక్కడే పుడతాయి.

మెనూలో "120" అని ఉంటుంది. పక్కన చిన్న అక్షరాల్లో "100 గ్రాములకు". అంటే కిలో 1,200. మీరు చూపించిన చేప 1.4 కిలోలుంటే 1,680 రూపాయలు, 5 శాతం జీఎస్టీ కలిపి 1,764. ప్లేటు 120 అనుకున్నవాడికి గుండె జారదూ?

ఫోన్‌లో చెప్పిన చేపని తూకం చూశాకే కోయాలని ముందే చెప్పి, మీరు ఒక్కరే కాస్త ముందుగా ఐసు పెట్టె దగ్గరికి వెళ్ళండి. ఖాళీ పళ్ళెం పెట్టినప్పుడు త్రాసు సున్నా చూపించాలి. చేపని ఐసు నీళ్ళు కారిపోయాక పెట్టించండి. త్రాసు మీది అంకె కనబడేలా చేపతో సహా ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఆర్డర్ చీటీ మీద బరువు రాయించండి. ఎవరూ ఏమీ అనుకోరు, రోజూ జరిగేదే.

తాజాదనం అక్కడే చూడండి. మొప్పలు ఎత్తి చూపించమనండి: ఎర్రగా, తడిగా ఉండాలి. గోధుమ రంగు, జిగురు ఉంటే వద్దు. వేలితో కండ నొక్కితే గుంట వెంటనే పూడాలి. కళ్ళు మాత్రమే చూసి తీర్పు చెప్పొద్దు, ఐసు తగిలి మంచి చేపకి కూడా కళ్ళు మసకబారతాయి. రొయ్య తల నల్లబడి, మొండెం నుంచి వేలాడుతుంటే పాతది. పీత అయితే ప్రాణంతో ఉండాలి, సైజుకి తగ్గ బరువుండాలి. చేతిలో తేలిగ్గా అనిపిస్తే లోపల కండ లేదన్నమాట.

సముద్రపు వాసన రావొచ్చు. ముక్కు మండే అమోనియా ఘాటు వస్తే చేప మార్చడం కాదు, మెనూయే మార్చండి. ఆ పెట్టెలో మిగతావీ అంతే.

6. పడనివాళ్ళ సంగతి

రొయ్యలు, పీతలు పడకపోవడం అంటే కొందరికి దురద, కొందరికి ప్రాణం మీదకి రావడం. "కొంచెం తింటే ఏం కాదులే" అని బలవంతం పెట్టే మహానుభావుడు ప్రతి ఆఫీసులో ఒకడుంటాడు. అతన్ని ముందే ఆపండి.

వాళ్ళ ప్లేట్లో రొయ్య లేకపోతే సరిపోదు. రొయ్యలు వేయించిన నూనెలోనే చేప వేయిస్తే అదీ ప్రమాదమే. ఉత్తరాంధ్ర వంటల్లో వంకాయలోనో, దోసకాయలోనో ఎండు రొయ్యలు పడటం మామూలు. పైకి కనబడవు, అందుకే కూరగాయ కూర గురించి కూడా అడగండి. ఒకటే గరిటెతో రెండు గిన్నెలు వడ్డించొద్దు. సురక్షితమైన దారి: వాళ్ళకి కడిగిన పెనం మీద చేసిన ముక్క, తెల్లన్నం. వాళ్ళు అలర్జీ ముదిరితే వేసుకునే అడ్రినలిన్ ఇంజెక్షన్ వెంట ఉంచుకునేవాళ్ళైతే అది ఎక్కడుందో పక్కన కూర్చున్నవారికి తెలియాలి. పెదాలు వాయడం, గొంతు బిగుసుకోవడం, ఊపిరి ఆడకపోవడం కనబడితే ఇంజెక్షన్ వేయించి, వెంటనే 108కి ఫోన్ చేయండి, మజ్జిగ ఇచ్చి చూద్దాం అనుకోవద్దు.

ఇప్పుడు కానాగంతల మాట. కానాగంతలు, తూర చేపలు ఐసు లేకుండా ఎండలో కొన్ని గంటలు ఉంటే వాటిలో హిస్టమిన్ (అలర్జీ లాంటి లక్షణాలు తెచ్చే పదార్థం) పేరుకుంటుంది. ఎంత వేయించినా అది పోదు. నోట్లో పెట్టగానే మిరియాల్లా చురుక్కుమంటే, మసాలా ఘాటు కాదేమోనని అనుమానం వస్తే, అక్కడే ఆపేయండి. కాసేపట్లో మొహం ఎర్రబడటం, తలనొప్పి వస్తాయి. అలర్జీ లేనివాళ్ళకి కూడా ఇది వస్తుంది. తిన్న అందరికీ ఒకేసారి వస్తే చేపదే తప్పు. డాక్టర్‌కి ఏ చేప తిన్నారో చెప్పండి.

శాకాహారుల విషయంలో ఒక్క హెచ్చరిక: చైనీస్ వెజ్ ఫ్రైడ్ రైస్, నూడుల్స్‌లో ఆయిస్టర్ సాస్ (ఆల్చిప్పల మాంసంతో చేసేది) వేస్తారా అని అడగండి. వాళ్ళని టేబుల్ ఒక చివర, గాలి వచ్చే వైపు కూర్చోబెట్టండి. పీత పెంకులు విరిచేవాడి ఎదురుగా మాత్రం వద్దు.

7. ప్లేటు వచ్చాక సరిచూసుకోండి

కాల్చిన పెద్ద చేపకి పైన మసాలా నల్లబడి ఉంటుంది, లోపల పచ్చిగా ఉండొచ్చు. తల వెనక, అన్నిటికన్నా మందంగా ఉన్నచోట చెంచాతో విప్పి చూడండి. కండ తెల్లగా, పొరలు పొరలుగా ఎముక నుంచి విడిపోవాలి. ఎముక పక్కన అద్దంలా మెరుస్తూ, గులాబీ రంగులో అంటుకుని ఉంటే వెనక్కి పంపండి. ఐదారు నిమిషాలు చాలు.

రొయ్య అర్ధచంద్రంలా వంగితే సరిగ్గా ఉడికినట్టు. ఉంగరంలా చుట్టుకుపోతే ఎక్కువైంది, రబ్బరులా సాగుతుంది. వెన్ను మీద నల్ల నరం తీయలేదంటే ఇసుక కరకరలాడుతుంది, అడిగి మార్పించుకోండి. పీత కాలు విరిస్తే కండ గట్టిగా, తెల్లగా రావాలి. పిండిలా జావగా కారితే వండకముందే చచ్చిపోయిన పీత, తినొద్దు.

మీరు ఏరిన చేపే వచ్చిందా అన్న అనుమానం ఉంటే ఫోటోలో సైజు చూసుకోండి. కాలాక కొంచెం ముడుచుకుంటుంది, సగం అవ్వదు. వంజరం అని తెచ్చింది ఎముకే లేని, తెల్లటి మెత్తటి పలక ముక్క అయితే అది వంజరం కాదు.

గొంతులో ముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్ద మింగించడం మన ఇళ్ళలో అలవాటు. ఒక్కోసారి అది ముల్లుని ఇంకా లోపలికి దింపేస్తుంది. నీళ్ళు తాగి, దగ్గి చూడండి. పోకపోతే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి.

8. బిల్లు

కావాల్సినదానికంటే పది నిమిషాలు ముందే తెమ్మనండి. మూడు చోట్ల చూడాలి. బరువు మీ ఫోటోతో సరిపోయిందా? జీఎస్టీ 5 శాతమేనా? (బస చేసే గదులు లేని విడి రెస్టారెంట్లకి అంతే, ఏసీ ఉన్నా లేకపోయినా.) సర్వీస్ ఛార్జీ దానంతటదే కలిపేశారా? కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం దాన్ని బిల్లులో మనల్ని అడక్కుండా కలపకూడదు. తీసేయమంటే తీసేస్తారు. తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. సర్వర్ బాగా చూసుకుంటే టిప్పు చేతికి ఇవ్వండి, అది వేరే విషయం.

కంపెనీ ఇచ్చే డబ్బైతే బిల్లు మీద కంపెనీ పేరు, జీఎస్టీ నంబరు ముందే వేయించండి. మళ్ళీ మార్చమంటే కౌంటర్‌లో అరగంట.

పంచుకునేటట్టయితే మొత్తాన్ని పదితో భాగించేయడం తేలిక, కానీ పప్పన్నం తిన్న ఇద్దరికీ అది అన్యాయం. చేపలు, రొయ్యలు, పీతల వంటకాలన్నీ తిన్నవాళ్ళవి, అన్నం, వెజ్ కూరలు, వెజ్ స్టార్టర్లు అందరివి అన్నట్టు రెండు లెక్కలు వేయండి. ఒకరు కట్టి, మిగతావాళ్ళు టేబుల్ దగ్గర ఉండగానే యూపీఐ చేయాలి. ఆఫీసుకి వెళ్ళాక ఇస్తా అన్నవాడి దగ్గర వసూలు చేయడం చేప ముల్లు తీయడం కన్నా కష్టం.

9. లేచేముందు

సముద్రం పక్కనే ఉంది కదా అని నీళ్ళలోకి దిగాలనిపిస్తుంది. పాదాలు తడుపుకోవడం వేరు, మునగడం వేరు. ఆర్కే బీచ్, రుషికొండ రెండుచోట్లా లోపలికి లాగే ప్రవాహాలున్నాయి. నిండు కడుపుతో, ఆఫీసు బట్టల్లో అసలే వద్దు.

మిగిలిన చేప కట్టించుకోవచ్చు, వండి రెండు గంటలు దాటకపోతే, అదీ నేరుగా ఇంటికి తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టగలిగితేనే. ఆరుబయట ఎండలో ఉన్న ప్లేట్లైతే గంట దాటితే చాలు, వదిలేయండి. ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టొద్దు, ఆఫీసు మైక్రోవేవ్‌లో అసలు వేడిచేయొద్దు. చేతుల వాసన సబ్బుతో పూర్తిగా పోదు. టేబుల్ మీద మిగిలిన నిమ్మచెక్కతో గోళ్ళ సందుల్లో రుద్ది, ఆ తర్వాత సబ్బు పెట్టి కడగండి.